వైరు లేకుండా నడిచేది

ఆ ఊళ్ళో అంజన్నలు ముగ్గురున్నారు. అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో పేరు తగిలించారు. మన అంజన్నకు కట్టె అంజన్న అని పేరు. ఉప్పునుంతల మండలంలో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు.

ఇంట్లో లైటు వెయ్యాలన్నా, ఫ్యాను బంద్ చెయ్యాలన్నా ఆయన స్విచ్చిని వేలితో ముట్టడు. తలుపు వెనకాల ఎండిన వేపకట్టె ఒకటి ఆనించి ఉంటుంది. దాని కొసతో నొక్కుతాడు. చెప్పులు వేసుకోకుండా ఫ్రిజ్జు తలుపు తియ్యడు. ఉరిమితే చాలు, మెయిన్ బంద్ చెయ్యమని భార్య తిరుపతమ్మ వెంట పడతాడు. చుట్టాలింటికి పోయినప్పుడు గోడ పక్కన మంచం వేస్తే, ఆ గోడలోంచి వైరు పోతుందేమోనని నడింట్లోకి జరుపుకుంటాడు. పిల్లలు చూసి నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. వాళ్ళకు ఎల్లయ్య గుర్తున్నాడు.

ఎల్లయ్య అంజన్నకు తమ్ముడు. ఇద్దరికీ కలిపి ఊరికి పడమట మెట్ట చెల్క ఉండేది, అందులో ఒక బోరు. అప్పటికి అంజన్న బిడ్డ వైష్ణవి ఇంకా బడి మొహం చూడలేదు. వానాకాలం, పల్లికాయ వేసిన రోజులు. రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి తెరిపిచ్చింది. ఎల్లయ్య ముందు పోయాడు. అంజన్న సద్ది గిన్నె పట్టుకుని వెనక పోయాడు. గట్టెక్కి చూసేసరికి తమ్ముడు స్టార్టర్ డబ్బా మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచినా వెనక్కి తిరగలేదు. ఆటలాడుతున్నాడనుకున్నాడు అంజన్న. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు.

జుమ్మని ఒళ్ళంతా తేనెటీగలు దూరినట్టయింది. ఎవరో భుజం మీద తన్నినట్టు వెల్లకిలా బురదలో పడ్డాడు. లేచి చూసేటప్పటికి ఎల్లయ్య కూడా పడి ఉన్నాడు. అంజన్న లేచాడు, ఎల్లయ్య లేవలేదు.

తర్వాత చావుకొచ్చిన వాళ్ళలో ఎవరో, పక్కన ఒక ఎండు కట్టె ఉన్నా బాగుండేది, దానితో కొడితే చెయ్యి ఊడొచ్చేదని అన్నారు. అన్నవాళ్ళు ఆ మాటను అక్కడే మర్చిపోయి ఉంటారు. అంజన్న మర్చిపోలేదు. ఆ చెల్కను పాలుకిచ్చేశాడు. కొన్నేళ్ళకు కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు కాలువలో వచ్చాయి. మోటరు అవసరం లేని కాలువ కింది భూమిని కౌలుకు పట్టి వరి వేసుకున్నాడు.

ఆ కాలువకు మొదటిసారి నీళ్ళొచ్చిన రోజు ఊరంతా గట్టు మీదికి చేరింది. తండ్రి భుజాల మీద కూచుని చూసిన వైష్ణవి, కిందున్న కృష్ణ నీళ్ళు ఇంత పైకి ఎట్లా వచ్చినయని అడిగింది. అంజన్నకు తెలియదు. పక్కనున్న వాళ్ళకూ తెలియదు. ఇంజనీర్లు ఎక్కించారని ఎవరో చెప్పారు. ఆ పిల్ల ఆ మాట పట్టుకుంది. ఇంటర్ అయ్యాక మంచి ర్యాంకు వచ్చింది. అందరూ కంప్యూటర్ బ్రాంచి తీసుకొమ్మన్నా వినకుండా వనపర్తిలో సివిల్ సీటు తీసుకుంది.

సీటు వచ్చిన సంబరం వారం కూడా నిలవలేదు. అదే కాలేజీలో చదువుతున్న కల్వకుర్తి అమ్మాయి ఒకామె ఫోన్లో వైష్ణవితో మాట్లాడింది. కట్టడాల బొమ్మలన్నీ కంప్యూటర్లోనే గియ్యాలనీ, మామూలు ల్యాప్‌టాప్ ఆ బరువు మొయ్యలేదనీ, గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకుంటే నాలుగేళ్ళు చూసుకోనక్కర్లేదనీ చెప్పింది. అప్పటినుంచి వైష్ణవికి తిండి సయించలేదు. బడిలో కంప్యూటర్ గది ఉండేది గానీ దానికి ఎప్పుడూ తాళమే. తను వేలు పెట్టింది తక్కువ. పట్నం నుంచి వచ్చే పిల్లలందరికీ ఇవన్నీ ముందే వచ్చి ఉంటాయి. తను మీట ఎక్కడుందో వెతుక్కుంటుంటే క్లాసంతా తననే చూస్తుందని ఆ పిల్ల భయం. దానికి తోడు ల్యాప్‌టాప్ కూడా నడుమ నిలిచిపోతే తన పని అయిపోయినట్టే అనుకుంది.

ఫోనులో వీడియోలు చూసి చూసి, ఒకరోజు అన్నం తినేటప్పుడు తండ్రికి వివరంగా చెప్పింది.

"నాయినా, రెండు తీర్ల ఉన్నయి. ఒకటి గేమింగ్‌ది. పేరుకే ఆటలది. అండ్ల బొమ్మలను మోసేటి కార్డు వేరే ఉంటది. బ్రిడ్జి గీస్తే అటు తిప్పి ఇటు తిప్పి చూడొచ్చు, ఆగదు. కానీ దానికి బ్యాటరీ నిల్వదు. వైరు పీకితే ఒక సినిమా చూసేంత సేపు గూడ రాదు. ఇంకొకటి సన్నది, అల్కగ ఉంటది, బరువుండదు. పొద్దుగాల చార్జింగ్ పెడితే పొద్దుమూకే దాక నడుస్తది. కానీ పెద్ద బొమ్మ తెరిస్తే ఆయాసపడ్తది."

తిరుపతమ్మ ఆటల మాట విని ముందు కొంచెం తటపటాయించింది. అంజన్న చెవిన మాత్రం ఒక్క ముక్కే పడింది.

"వైరు లేకుంట నడిచేది గది రెండోదేనా?"

అదేనని చెప్పింది వైష్ణవి.

"గదే తీసుకుందాం బిడ్డా."

ఆ పిల్ల తల వంచి అన్నం కలుపుకుంది. తండ్రి సంగతి తెలుసు. పెరిగిన ఇల్లే అది. ఆ ఇంట్లో కరెంటు మాట వస్తే ఎవరూ వాదించరు.

కల్వకుర్తిలో బస్టాండుకు దగ్గరలో మధు అని ఒకతని కంప్యూటర్ దుకాణం ఉంది. తండ్రీ బిడ్డలు పొద్దున బస్సుకే పోయారు. మధు ఓపికగలవాడు. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒకే ఇంటి బొమ్మను రెండింటిలోనూ తెరిచాడు. నల్లటి గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఆ ఇల్లు బొంగరంలా తిరిగింది. వెండి రంగు సన్నదానిలో కాస్త తిరిగి, ఆగి, మళ్ళీ ఉలిక్కిపడ్డట్టు తిరిగింది. వైష్ణవి కళ్ళు నల్లదాని మీదే ఉన్నాయి. అది అంజన్న చూశాడు. చూసి కూడా, దాని లోపల ఫ్యాను హోరుమని లేచేసరికి ఒకడుగు వెనక్కి వేశాడు. చార్జర్ ఇటుకంత ఉంది. ఎందుకంత పెద్దదని అడిగితే, ఇది కరెంటు బాగా గుంజుతుందనీ, పెద్ద పని చేసేటప్పుడు వైరు పెట్టే ఉంచాలనీ, బ్యాటరీ మీద నడిపితే జోరు సగానికి పడిపోతుందనీ మధు ఉన్నదున్నట్టు చెప్పాడు. వేడి ఎంతుందో ముట్టి చూడమన్నాడు. అంజన్న ముట్టలేదు.

బిడ్డ హాస్టల్ గదిలో, తడి చేతులతో, ఆ ఇటుకను గోడకు పెట్టుకుంటున్నట్టు ఆయనకు కళ్ళ ముందు కనబడింది. దుకాణం బయటికొచ్చి మెట్టు మీద కూచున్నాడు. వెనకాలే వచ్చిన వైష్ణవి తండ్రి ముఖం చూసి, తనే లోపలికి పోయి సన్నదాన్ని కట్టించుకుంది. బస్సులో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూసింది. అంజన్న ప్రాణం కుదుటపడింది. బిడ్డ ఎందుకు మాట్లాడడంలేదో అడగాలనిపించలేదు.

కాలేజీ తెరవడానికి ఇంకా టైముంది. వైష్ణవి రోజూ పొద్దునా సాయంత్రం వీడియోలు చూసి బొమ్మలు గియ్యడం నేర్చుకోసాగింది. అవి చూస్తూ గీస్తుంటే ఆ బ్యాటరీ కూడా దుకాణంలో చెప్పినంత సేపు రాలేదు. తండ్రి పొలానికి పోయేదాకా ఆగి చార్జింగ్ పెట్టుకునేది. ఆయన వచ్చేసరికి వైరు చుట్టి సంచిలో పెట్టేది. అంజన్న మాత్రం ఇది వైరు లేకుండానే నడుస్తుందనుకునేవాడు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలైనా, మొదలయ్యాక ముసురు పట్టింది. ఒకరోజు పొలంలో పని సాగక అంజన్న పగలే ఇంటికొచ్చాడు. తిరుపతమ్మ అప్పుడే ఇల్లు తుడిచింది, బండల మీద తడి ఆరలేదు. వైష్ణవి కింద చాప మీద కూచుని ల్యాప్‌టాప్ ముందేసుకుంది. తండ్రిని చూడగానే వైరు పీకబోయి ఆగిపోయింది. ఆ రోజు తమ ఇల్లే గీసింది. గోడలు, రేకులు, ముందరి అరుగు అన్నీ వచ్చాయి. ఆ సంబరంలో వైరు సంగతి వదిలేసి, చూడమని పిలిచింది.

అంజన్న దగ్గరగా వచ్చి వంగాడు. తెర మీద తన ఇల్లు చిన్న బొమ్మలా నిలబడి ఉంది. బాగా కనబడేందుకు ల్యాప్‌టాప్ మూతను కొంచెం వెనక్కి వంచుదామని కొసన చెయ్యి వేశాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, కింద తడి.

వేళ్ళ చివరన జుమ్మంది.

చిన్నగానే. కానీ ఆ జుమ్మనడం ఆయనకు తెలుసు. భుజం మీద చెయ్యి వేసినప్పుడు ఒంట్లోకి వచ్చింది అదే. చెయ్యి లాక్కున్నాడు. చూస్తే బిడ్డ మణికట్లు రెండూ ఆ వెండి రేకు మీదే ఆనించి ఉన్నాయి. తెరను చూస్తూ కదలకుండా కూచుంది. పిలుద్దామంటే నోరు పెగల్లేదు. భుజం పట్టి లాగుదామంటే చెయ్యి ముందుకు రాలేదు. ఒకసారి అట్లా పట్టుకుని చూసిన చెయ్యి అది. కట్టె తలుపు వెనకాల ఉంది, అంత దూరం పోయి తెచ్చే లోపల ఏమవుతుందో ఆయనకు తెలుసు.

గోడ దగ్గరికి ఉరికి స్విచ్చిల బోర్డు మీద అరచేత్తో కొట్టాడు. ఏ స్విచ్చి ఏదో చూడలేదు. ఫ్యాను ఆగింది, లైటు పోయింది, ప్లగ్గు స్విచ్చి కూడా పడింది. అప్పుడు ప్లగ్గును పట్టి గుంజేశాడు. ఎల్లయ్య పోయిన తర్వాత ఆయన చెయ్యి బోర్డుకు తగలడం అదే మొదలు.

వైష్ణవి బెదిరి లేచి నిలబడింది. ఆ పిల్లకు ఏమీ కాలేదు. తండ్రి గోడకు ఆనుకుని చెమటలు కక్కుతుంటే దగ్గరికొచ్చి పట్టుకుంది.

"ఏం గాలేదు నాయినా. గది రోజు గట్లనే అంటది. చార్జింగ్ పెట్టినప్పుడు జర జుమ్మంటది, గంతే."

"రోజా?"

"తెచ్చినప్పటి సంది."

"నాకెందుకు జెప్పలే?"

వైష్ణవి తల దించుకుంది. "జెప్తే ల్యాప్‌టాప్ వాపస్ ఇచ్చేస్తవని భయమైంది. కాలేజీకే వద్దంటవేమోననుకున్న."

వాన పూర్తిగా తగ్గకముందే అంజన్న గొడుగు పట్టుకుని జయపాల్ ఇంటికి పోయాడు. జయపాల్ ఆ చుట్టుపక్కల ఊళ్ళకు కరెంటు పని చేసేవాడు. కట్టె అంజన్న తనంతట తను కరెంటు మనిషిని వెతుక్కుంటూ రావడం చూసి అతను తింటున్న అన్నం సగంలో విడిచి లేచాడు.

జయపాల్ ముందు ల్యాప్‌టాప్ చార్జర్ చూశాడు. దానికి రెండే ముళ్ళున్నాయి. ఇలాంటివి ఇనుప ఒంటితో ఉంటే కాస్త జుమ్మనడం మామూలేననీ, అది మనిషిని చంపేంత కరెంటు కాదనీ చెప్పాడు. మూడు ముళ్ళ వైరు వేసి, ఇంటికి ఎర్తింగు బాగుంటే ఆ కరెంటు మట్టిలోకి దిగిపోతుందన్నాడు. అని, బోర్డు విప్పి చూశాడు. మూడో రంధ్రం వెనకాల వైరే లేదు. ఇల్లు కట్టినప్పుడు ఎవరో రంధ్రం పెట్టి వదిలేశారు. ఇంటికి ఎర్తింగే లేదు.

అంతటితో పని అయిపోయేది. జయపాల్ చెప్పులేసుకుని బయటికొచ్చి, స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు ఎటునుంచి వచ్చిందో చూద్దామని తలెత్తాడు. చూసి అక్కడే ఆగిపోయాడు. తిరుపతమ్మ అప్పుడే బట్టల బకెట్ పట్టుకుని జాలారి వైపు పోతోంది. అంట్లు తోమి, బట్టలు ఉతికే బండ అక్కడే ఉంది. దాని మీద వానకు అడ్డంగా రేకులు. ఆ రేకుల ఇనుప పైపు నుంచి గోడ మేకుకు దండెం కట్టి ఉంది. దండెం అంటే తాడు కాదు, ఇనుప తీగ.

"అక్కా, గక్కడనే నిలబడు," అన్నాడు జయపాల్. గొంతు పెంచలేదు. "ఏం ముట్టకు."

సర్వీసు వైరు కిందికి వేలాడి రేకు అంచుకు ఆనుకుంది. గాలికి రాసుకుని రాసుకుని దాని పైతోలు లేచిపోయింది. జయపాల్ స్టూలెక్కి టెస్టర్ రేకుకు ఆనించాడు. టెస్టర్‌లో లైటు వెలిగింది. దండేనికి ఆనించాడు. అక్కడా వెలిగింది.

తిరుపతమ్మ చేతిలోంచి బకెట్ జారి, తడి బట్టలు వాకిట్లో పడ్డాయి. ఆమె ఏదో జ్ఞాపకం వచ్చినట్టు తన అరచేతిని చూసుకుంది.

"మొన్న చీర ఆరేస్తుంటె చురుక్కుమన్నది," అంది మెల్లగా. "గండుచీమ కుట్టిందనుకున్న. తర్వాత గదిగాదేమో అని మనసుల కొట్టింది. నీకు జెప్తే పరేషాన్ అయితవని జెప్పలే."

అంజన్న అరుగు మీద కూలబడ్డాడు. తన భయం తన వాళ్ళను కాస్తుందనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఆ భయానికి జడిసే భార్య నోరు మూసుకుంది, బిడ్డా నోరు మూసుకుంది. ఇంకొక్క గట్టి వాన పడితే, ఆ తీగకు తడి చీర వేసేది తిరుపతమ్మే. లేకపోతే వైష్ణవి. ఇప్పుడు పట్టుకున్న భయానికీ, స్విచ్చి చూస్తే పుట్టే భయానికీ పోలిక లేదు.

లైన్‌మన్‌ను పిలిపించి స్తంభం దగ్గరే కరెంటు ఆపించారు. కొత్త వైరు లాగి, రేకులకు దూరంగా పైపులో పోనిచ్చారు. ఇనుప తీగను జయపాల్ కత్తిరించి చుట్ట చుట్టి పక్కన పడేశాడు. మిగిలింది ఎర్తింగు. దానికి గుంత తియ్యాలి. కూలీని పెడదామని జయపాల్ అంటే అంజన్న వినలేదు. గడ్డపార తెచ్చి ఇంటి వెనకాల తనే తవ్వడం మొదలుపెట్టాడు. పైన మట్టి వానకు నాని మెత్తగా వచ్చింది గానీ, నడుములోతు దిగాక మొరం తగిలింది. గడ్డపార ఖంగుమంది. జయపాల్ ఇక చాలన్నా ఆయన ఆపలేదు. వైష్ణవి పైనుంచి తట్టలు అందుకుంది. గుంతలో పైపు నిలబెట్టి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి నీళ్ళు పోశారు. బోర్డుల్లోని మూడో రంధ్రాలన్నిటికీ పచ్చ వైరు తెచ్చి ఆ పైపుకు కలిపారు.

చేతులు కడుక్కునేటప్పుడు అంజన్న ఒక మాట అడిగాడు. అప్పటిదాకా లోపల తిప్పుకుంటూ ఉన్న మాట.

"జయపాలూ, ఆ దినం బోరుకాడ స్టార్టర్‌కు గిట్లాంటిది ఉండుంటే, మా ఎల్లయ్య బతుకుతుండెనా?"

జయపాల్ తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఆ తువ్వాలు మడత పెట్టి, అప్పుడన్నాడు. "ఆ డబ్బా నేను చూడలేదన్నా. ఉంటే బతుకుతుండెనేమో. కట్టె ఉంటే బతుకుతుండెనా అంటే మాత్రం, ఎవ్వరూ జెప్పలేరు. నువ్వు గట్టెక్కేసరికే ఆలస్యమైండొచ్చు."

ఈ మాట ఆయనతో ఎవరూ అనలేదు ఇంతకాలం. అంజన్న ముఖం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. చాలాసేపు కొట్టుకున్నాడు.

ఇల్లు బాగయ్యాక వైష్ణవి మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచింది. మూడు ముళ్ళ వైరు పెట్టాక జుమ్మనడం పోయింది. ఇప్పుడు ఇంట్లో దాచడం అనేది లేకుండా పోయింది కాబట్టి, ఆ పిల్ల రెండో సంగతి కూడా చెప్పేసింది. ఆ ఇంటి బొమ్మను గియ్యడానికి రోజుల తరబడి పట్టిందనీ, రేకులు గీసేటప్పుడు మాటిమాటికీ నిలిచిపోయిందనీ, ఒకసారి గీసిందంతా పోయిందనీ, మొదటి ఏడాది ఎట్లాగో గట్టెక్కినా తర్వాత పెద్ద కట్టడాలు దీనివల్ల కావనీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. సన్నది తీసుకుంది బిడ్డ కాదు, తన భయం అని అంజన్నకు అర్థమయింది.

మళ్ళీ కల్వకుర్తి బస్సెక్కారు. మధు మొదట కుదరదన్నాడు, వాడిన వస్తువు వాపసు తీసుకోనన్నాడు. తర్వాత ఏదో ఆలోచించి ఎవరికో ఫోన్ చేశాడు. బడి సారు ఒకాయన అలాంటి తేలికదే కావాలని తిరుగుతున్నాడట, అంతా రాతపనే కాబట్టి ఆయనకు అది సరిపోతుంది. మధు ఒప్పుకున్నాడు, పైన పడే తేడా మాత్రం కట్టమన్నాడు. నల్లది మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఈసారి వైష్ణవి అడగాల్సినవన్నీ అడిగింది. కరెంటు పోతే ఎంతసేపు వస్తుంది, తెర వెలుగు తగ్గిస్తే ఎంత, ఆ బొమ్మల కార్డును ఆపేసి ఉత్త రాతపని చేసుకుంటే ఎంత. కార్డు ఆపితే బ్యాటరీ దాదాపు రెట్టింపు వస్తుందని మధు చేసి చూపించాడు. క్లాసులో నోట్సు రాసుకోవడానికి అట్లా, బొమ్మలు గియ్యడానికి గోడ పక్కన వైరు పెట్టుకుని ఇట్లా వాడుకుంటానని ఆ పిల్ల తేల్చుకుంది. బరువు మొయ్యాలి. ప్లగ్గున్న బల్ల కోసం అందరికంటే ముందు పోవాలి. అవి రెండూ తప్పవని చెప్పింది.

అంజన్న అడిగింది ఒక్కటే. "దీనికి మూడు ముండ్లున్నయా?"

ఉన్నాయి. మూడోది మిగతా రెంటికంటే లావుగా ఉంది. ఆయన ఇటుకలాంటి ఆ చార్జర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది. అయినా కింద పెట్టలేదు.

వనపర్తిలో రూతమ్మ అనే ఆమె నడిపే ఆడపిల్లల హాస్టల్లో గది మాట్లాడారు. పెట్టె, పరుపు లోపల పెట్టాక అంజన్న వెళ్ళడానికి లేవలేదు. జేబులోంచి ఎర్తింగు చూసే మూడు ముళ్ళ టెస్టర్ తీశాడు, జయపాల్ ఇచ్చిందే. బిడ్డ గదిలో ప్లగ్గులు చూసుకోవచ్చా అని రూతమ్మను అడిగాడు. సరుకులు, సామాన్లు, కిటికీ జాలీలు చూసే తండ్రులను ఆమె చాలామందిని చూసింది. ప్లగ్గులు చూస్తానన్నవాణ్ణి చూడలేదు. ఎందుకని అడిగితే ఆయన ఎల్లయ్య సంగతి చెప్పాడు. రూతమ్మ తాళాలు తీసుకొచ్చి, మీ బిడ్డ గదే ఎందుకన్నా, అన్ని గదులూ చూడమంది. తండ్రి ఒక్కో ప్లగ్గుకూ టెస్టర్ పెట్టి చూస్తుంటే వైష్ణవి పక్కన నిలబడింది. రెండు గదుల్లో ఎర్తింగు సరిగ్గా రావడం లేదని తేలితే, మర్నాటికల్లా బాగు చేయించింది రూతమ్మ.

మొదటి సెమిస్టర్ చివర్లో వైష్ణవికి అనుకున్న భయం ఎదురొచ్చింది. క్లాసులో ఒక పిల్లకాలువ బొమ్మ గీసి చూపించాల్సిన రోజున గాలివానకు కరెంటు పోయింది. తన వంతు రావడానికి ఇంకా చాలామంది ఉన్నారు. పక్కన సన్నటి ల్యాప్‌టాప్‌ల వాళ్ళు నిమ్మళంగా కూచున్నారు. తన బ్యాటరీ కళ్ళ ముందే కరిగిపోతోంది. కార్డు ఆపేసి, తెర మసకగా చేసి, మూత మూసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని తన పేరు పిలిచేదాకా కూచుంది. పిలిచినప్పుడు తెరిస్తే ఇంకా కొంచెం మిగిలింది. కార్డు మళ్ళీ వేసి బొమ్మను ఒక చుట్టు తిప్పి చూపించింది. సారు తల ఊపి తర్వాతి వాళ్ళను పిలిచాడు. బయటికొచ్చి తండ్రికే మొదట ఫోన్ చేసింది. అంజన్న అంతా విని, వాన పడేటప్పుడు బయట చెట్ల కింద నిలబడొద్దని చెప్పాడు.

ఆయన భయం పోలేదు. పోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఉరిమితే ఇప్పటికీ లేచి కూచుంటాడు. అయితే ఇప్పుడు ఇంట్లో కూచోడు. వాన వెలవగానే చెప్పులేసుకుని వీధిలోకి పోతాడు. తలెత్తి, ఏ ఇంటి సర్వీసు వైరు ఎక్కడ వేలాడుతోందో, ఏ రేకుకు ఆనుకుందో చూసుకుంటూ పోతాడు. దండేనికి ఇనుప తీగ కనబడితే ఆ ఇంటి ముందు నిలబడతాడు. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. చెప్పి చూసి, వినకపోతే మళ్ళీ వానకు మళ్ళీ పోతాడు.

మొన్న భాగ్యమ్మ ఇంటి ముందు అట్లాగే నిలబడ్డాడు. ఆమె ఒంటిమనిషి, వయసు మీద పడింది. ఆ తీగ తన పెనిమిటి కట్టిందని, విప్పనని చాలా రోజులుగా మొండికేస్తోంది. ఆ రోజు మాత్రం తలుపు తీసి ఆయనను పైకీ కిందికీ చూసింది.

"నీకింకా భయమేనా అంజన్నా?"

"భయమేనమ్మా."

ఆమె పక్కకు తప్పుకుని లోపలికి రానిచ్చింది. అంజన్న సంచిలోంచి నైలాన్ తాడు తీసి, మెయిన్ ఎక్కడుందో చూపించమన్నాడు.